యూపీఎస్ మొయ్యని ముహూర్తం

షామీర్‌పేటలో రోడ్డు పక్కన చేపలమ్మే ఒకామెకు ఎదురుపడలేక నేను నెలల తరబడి చుట్టు దారిన తిరిగాను. పుట్టి పెరిగిన ఊరు, రోజూ తిరిగే రోడ్డు. అయినా ఆమె గంప కనపడే మలుపు రాకముందే బండిని లోపలి గల్లీలోకి తిప్పేసేవాణ్ణి. ఎందుకంత ఆలస్యమని మా ఆవిడ అడిగితే మెయిన్ రోడ్డు మీద లారీలు ఆగిపోయాయని చెప్పేవాణ్ణి. ఆమె నమ్మేది. నేను అబద్ధం చెప్తే జనం తొందరగానే నమ్ముతారు, అదే నా ఖర్మ.

నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకి ఫోటోలు, వీడియోలు తీసి ఆల్బమ్‌లు చేసిస్తాను. కరోనా తర్వాత దీనికి లైవ్ ఒకటి తోడైంది. ఫంక్షన్ హాల్లో ఒక మూల కంప్యూటర్ పెట్టుకుని, రెండు మూడు కెమెరాల బొమ్మల్ని అందులో కలిపి, రాలేకపోయిన వాళ్ళ ఫోన్లకి అప్పటికప్పుడు పంపించాలి. మొదట్లో లింకు తెరుచుకుంటే చాలు, జనం సంబరపడేవారు. తర్వాత కొంపల్లి స్టూడియోల వాళ్ళు లైవ్‌లోనే పెళ్ళికూతురి మీద పూలు రాల్చడం, పేర్లు మెరిపించడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళు కెమెరా పట్టకముందు నుంచీ నేను ఈ పనిలో ఉన్నాను. నా పాత కంప్యూటర్లో అలాంటివి పెడితే బొమ్మ ఆగి ఆగి నడిచేది. పంతం పట్టి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొనుక్కొచ్చాను. ఇటుకంత కార్డు, దానికి మూడు ఫ్యాన్లు. పెట్టె విప్పి ఇంట్లో అందరికీ చూపించాను కూడా.

కార్డు బిగించడానికి మేడ్చల్ నుంచి తెలిసిన మెకానిక్ వచ్చాడు. నా ఈడువాడే. మాట తక్కువ, పని ఎక్కువ.

"అన్నా, ఈ కార్డు మస్తు కరెంటు గుంజుతది. డబ్బాల పవర్ సప్లై మార్చిన గని, గీ యూపీఎస్ దీన్ని మొయ్యది. పెద్దది తీస్కో," అన్నాడు.

"ఏడేండ్ల సంది మోస్తాంది. నిన్నగాక మొన్నొచ్చిన కార్డుకు భయపడ్తదా?" అన్నాను.

అతను స్క్రూలు సర్దుకోవడంలో పడ్డాడు. నేను ఊరుకోలేదు. అతని కళ్ళముందే గోడ స్విచ్ ఆపేశాను. కంప్యూటర్ యూపీఎస్ బ్యాటరీ మీద చెక్కుచెదరకుండా నడిచింది. "సూసినవా?" అని పందెం గెలిచినవాడిలా నవ్వాను. అప్పుడు తెర మీద మా అమ్మాయి ఫోటో తప్ప ఇంకేమీ లేదు. కార్డుకి పనే లేదు, కరెంటు ఎందుకు లాగుతుంది? దానికి పూర్తి పని చెప్పి, అప్పుడు స్విచ్ ఆపి చూడాలని నాకు బాగా తెలుసు. అలా చూస్తే అతను చెప్పిందే నిజమని తేలుతుందేమోనని చూడలేదు.

ఆ యూపీఎస్ గురించి ఇంకో సంగతి అతనికి చెప్పలేదు. మోయలేనంత భారం పడినా, కరెంటు పోయినా అది కుయ్యిమని అరవాలి. మా పాతది అరవదు. అంతకుముందు ఒక పెళ్ళిలో దాని అరుపు మంత్రాల మధ్యలో రికార్డయి, పెళ్ళివారు నన్ను చెడామడా తిట్టారు. మర్నాడే డబ్బా విప్పి లోపలి బజర్‌ని పీకి పారేశాను. మాలో ఈ పని చేసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వీడియోవాడికి సౌండు పాడవడాన్ని మించిన గండం లేదని మా నమ్మకం.

కొత్త కార్డుతో మొదటి పెళ్ళి ఆ చేపలమ్మే ఆమె కూతురిదే. మా ఇంటికి చేపలు ఎప్పుడూ ఆమె దగ్గరే. భర్త పోయాక గంప నెత్తిన పెట్టుకుని ఒక్కగానొక్క బిడ్డను డిగ్రీ దాకా చదివించింది. జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేసే అబ్బాయితో సంబంధం కుదిరింది. పత్రికలు పంచడానికి వెళ్తుంటే ఆటో తిరగబడి ఆమె తుంటి ఎముక విరిగింది. మేడ్చల్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, మంచం దిగొద్దన్నారు. పెళ్ళి ఆపుదామని చుట్టాలంటే ఆమే ఒప్పుకోలేదు. తర్వాత మూఢం, మళ్ళీ మంచి రోజులు ఎప్పటికో. పీటల మీద మరిది, తోడికోడలు కూర్చుంటారని చెప్పి, ఆసుపత్రి మంచం మీంచే నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, ఫోటోలు ఎట్లొచ్చినా నాకు ఫికర్ లేదు. పుస్తె కట్టేటప్పుడు మాత్రం నాకు కనవడాలె. ఈడికే అచ్చింతలు తెప్పిచ్చుకుంటున్న. గా గడియకు నా చెయ్యితోని నా బిడ్డ మీద ఏసుకుంట. ఫోన్ మీదనే ఏస్త, ఏమైతది. గంతే తమ్మీ, ఇంకేమొద్దు."

"నేనున్న గదక్కా. నువ్వు పరేషాన్ గాకు," అన్నాను.

పెళ్ళి మేడ్చల్ రోడ్డు మీద ఒక హాల్లో. ఎండలు ముదిరిన రోజులు. కొత్త కార్డు వేడెక్కుతుందని కంప్యూటర్ డబ్బా పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. కరెంటు పోతే ఏదీ ఆగకూడదన్న అతితెలివితో ఆ ఫ్యాన్‌నీ, రెండు మానిటర్లనూ, సౌండు మిక్సర్‌నూ, నెట్ డబ్బానూ ఒకే జంక్షన్ బాక్సుకి తగిలించి, ఆ బాక్సునీ కంప్యూటర్ ఉన్న యూపీఎస్‌కే తగిలించాను. లైవ్ మొదలైంది. పెళ్ళికూతురి మీద గులాబీ రేకులు రాలాయి, ఇద్దరి పేర్లూ బంగారు రంగులో మెరిశాయి. నా వెనక ఎవరైనా నిలబడి చూస్తున్నారా అని రెండుసార్లు తిరిగి చూసుకున్నాను. టేబుల్ కింద యూపీఎస్ మీద ఎర్ర లైటు అప్పటికే వెలుగుతూ ఉండి ఉంటుంది. దాని ముందు ఎవరిదో బట్టల సంచి ఉంది. అరిచి చెప్పే దారి నేనే మూసేశాను.

ఆసుపత్రిలో ఆమె తన చెల్లెలి ఫోన్లో లైవ్ పెట్టుకుంది, తన ఫోన్లోంచి నాకు చేసింది. "మస్తు కనవడ్తాంది తమ్మీ. పక్కపొంటి కూసున్నట్టే ఉన్నది," అంది. గొంతులో నొప్పి తెలుస్తూనే ఉంది, నవ్వు కూడా తెలుస్తోంది.

జీలకర్ర బెల్లం అయింది. పుస్తె పళ్ళెం అందరి చేతులూ తాకి మంటపం మీదికి వచ్చింది. పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు. పంతులు చెయ్యి ఎత్తాడు, మేళం జోరందుకుంది, కరెంటు పోయింది.

హాలు జనరేటర్ అందుకోవడానికి పట్టే సమయం ఎంతో కాదు, ఓ గుక్క నీళ్ళు తాగేంత. ఆ కాసేపు నిలబెట్టడానికే యూపీఎస్ ఉండేది. మాది క్షణం కూడా నిలబడలేదు. తెరలు రెండూ ఒక్కసారే నల్లబడ్డాయి, ఫ్యాన్ ఆగింది. పెళ్ళి నా కోసం ఎందుకు ఆగుతుంది? మూడు ముళ్ళూ పడ్డాయి, హాలంతా అక్షింతలు చల్లారు. కెమెరాలు బ్యాటరీల మీద నడుస్తాయి కాబట్టి అంతా రికార్డయింది. ఆమె ఫోన్లోకి మాత్రం ఏమీ వెళ్ళలేదు.

జనరేటర్ వచ్చినా యూపీఎస్ లేవలేదు. వైర్లన్నీ పీకి నేరుగా గోడకి పెట్టాను. కంప్యూటర్ తీరుబడిగా లేచి తన పరీక్షలు తాను చేసుకుంటోంది. ఫోన్ మోగుతోంది. రెండుసార్లు ఎత్తలేదు, మూడోసారి ఎత్తాను.

"తమ్మీ, అంత నల్లగయ్యింది. ఏమైంది? పుస్తె కట్టిన్రా?"

కట్టారక్కా, తప్పు నాదే అనాలి. అంతకుమించి చెప్పాల్సింది లేదు. నోరు తెరిస్తే వచ్చింది ఇది: "ఇంక లేదక్కా. లైవ్ అంటె జర లేటుగనే వస్తది. ఇగో, ఇప్పుడొస్తది. సూస్కుంట ఉండు."

పెళ్ళిలో ఏదైనా మళ్ళీ చేయించడం మాకు కొత్త కాదు. దండలు ఇంకోసారి వేయిస్తాం, ఉంగరం ఇంకోసారి తొడిగిస్తాం. పంతుళ్ళు కూడా అలవాటుపడిపోయారు. కంప్యూటర్ లేచాక, ఫోన్‌ని గుప్పిట్లో మూసి మంటపం ఎక్కి "అయ్యగారూ, ఫోటోకి ఒక్కసారి" అన్నాను. దిగొచ్చి లైవ్ వదిలాను. పెళ్ళికొడుకు అప్పటికే కట్టేసిన పుస్తె తాడుని పట్టుకుని, వెనక ముడి వేస్తున్నట్టు చేతులు కదిలించాడు. మేళం వాళ్ళకి సైగ చేస్తే మళ్ళీ వాయించారు. దగ్గరున్న నలుగురు ఆడవాళ్ళు తివాచీ మీద పడ్డ అక్షింతలే ఏరి చల్లారు. తన తల్లి దీన్నే అసలు ముహూర్తం అనుకుని చూస్తోందని పెళ్ళికూతురికి తెలియదు. కెమెరా వైపు చూసి నవ్వమన్నాను, నవ్వింది.

ఫోన్ మళ్ళీ చెవికి పెట్టుకున్నాను. "సల్లగుండు బిడ్డా, సల్లగుండు," అని అటువైపు ఆమె ఏడుస్తోంది. ఫోన్ అద్దం మీద బియ్యం గింజలు టపటపా పడటం వినిపించింది. నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు హమ్మయ్య అనిపించింది. గట్టెక్కానని సంతోషపడ్డాను. అన్నిటికంటే ఆ సంతోషం తలుచుకుంటేనే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

తర్వాత పెద్ద యూపీఎస్ కొన్నాను. మెకానిక్ వచ్చి బిగించి, నా మొహం వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఆమె కొన్ని నెలలకి కర్ర సాయంతో లేచి మళ్ళీ గంప పెట్టుకుంది. వచ్చిన ప్రతి గిరాకీకి లైవ్ ముచ్చట చెప్పేది. ఆసుపత్రి మంచం మీంచి సరిగ్గా పుస్తె కట్టే గడియకి అక్షింతలు వేశానని, అదంతా స్టూడియో తమ్ముడి పుణ్యమని. ఆమె పంపితే వచ్చామని పెళ్ళివాళ్ళు నా స్టూడియో మెట్లెక్కేవారు. వాళ్ళని వద్దనలేదు. దారి మార్చుకున్నదీ అప్పుడే.

ఒక ఆదివారం మా ఆవిడ ఇంత పెద్ద కొర్రమీను తెచ్చింది. "నీకని ఏరి పెట్టిందట. నా బిడ్డ పెండ్లి నాకు సూపిచ్చిండు, మంచిగ పులుసు వెట్టు అని చెప్పింది," అంది. పళ్ళెం ముందు కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు. ఇక దాచలేననిపించింది. మర్నాడు పొద్దున్నే, గిరాకీ మొదలవకముందు, ఆమె దగ్గరికి వెళ్ళాను. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ, ఆమెకి నిజం తెలియాలి అని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.

చేపకు పొలుసు తీస్తూ విన్నది. కార్డు సంగతి, యూపీఎస్ సంగతి, మళ్ళీ చేయించిన సంగతి, అన్నీ చెప్పాను. మధ్యలో చెయ్యి ఆగింది.

"గట్లయితే నేనేసిన అచ్చింతలు?"

"అప్పటికే అంత అయిపోయిందక్కా. పది నిమిషాలు దాటింది."

పొలుసు అంటిన చెయ్యి నీళ్ళ బకెట్‌లో ముంచి కడుక్కుంది.

"నా బిడ్డకు ఎరికేనా?"

"లేదక్కా. ఎవ్వరికి ఎరుక లేదు."

"మరి నాకెందుకు ఎరుక జేసినవ్ తమ్మీ?" అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో. "ఏడాది సంది దినాం గదే యాది జేసుకుంట పండుకుంటున్న. కాలు గుంజినా, ఇల్లు బోసిపోయినా, నా బిడ్డ పుస్తె కట్టంగ సూసిన గదా అనుకుంట ఉంటి. ఇగ ఏం యాది జేసుకోవాలె నేను?"

ఆమె కోసం చెప్తున్నాననుకున్నాను. నా గొంతులో ముద్ద దిగడం కోసం చెప్పాను. ఇంతలో ఎవరో బండి ఆపి చేపలు తాజాగా ఉన్నాయా అని అడిగారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని తక్కెడ అందుకుంది.

ఇప్పుడు ఆ రోడ్డు మీంచే వెళ్తున్నాను. తలెత్తి పలకరిస్తుంది, నేనూ తలూపుతాను. మొన్న మా ఆవిడ చేపలు కడుగుతూ అంది, ఆమె ఈ మధ్య బిడ్డ పెళ్ళి ముచ్చట ఎవరికీ చెప్పడం లేదని.