పన్నెండు లక్క ప్లేట్లు

మొన్న మా మనవరాలు నా రికార్డులు తుడవడానికి స్పిరిట్ సీసా తెచ్చింది. కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లోని ఈ ఇంట్లో రెండు బీరువాల నిండా ఉన్నవి వినైల్ రికార్డులే, స్పిరిట్ వాటినేమీ చెయ్యదు. అయినా ఆ వాసన తగిలేసరికి కిరాణి గుర్తొచ్చాడు. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. నా కోపం మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది.

మలయాలో నేను పెరిగిన రబ్బరు ఎస్టేటులో గుమస్తాని కిరాణి అనేవాళ్లం. మా నాన్న రబ్బరు చెట్లు గీసేవాడు. ఆయన ఆస్తల్లా ఒక గ్రామఫోను పెట్టె, పన్నెండు ప్లేట్లు. జపాను యుద్ధంలో పోయిన మా అమ్మ ఇష్టపడి ఏరుకున్న పాటలవి. వాన చెమ్మకి వాటి మీద తెల్లగా బూజు పట్టేది. నాన్న మల్లుగుడ్డ నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, గీతల వెంట గుండ్రంగా తుడిచి, నీడన ఆరబెట్టేవాడు.

"ఇవి లక్కతో సేసినవమ్మా. స్పిరిట్ తగిలితే పోతాయి. వడ్రంగి పాలిష్ ఎలా సేస్తాడో సూసినావు గదా?" అనేవాడు. చూశాను. స్పిరిట్‌లో వేసిన లక్క బిళ్లలు పొద్దుటికల్లా చారులా కరిగిపోయేవి.

ఇంతలో తెల్లదొరల ప్రభుత్వం మలయాలో ఎమర్జెన్సీ పెట్టింది. అడవిలో ఉన్న తిరుగుబాటుదారులకి కూలీల ఇళ్ల నుంచి తిండి అందకూడదని, ఇళ్లన్నీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్లకంచె వేశారు. సామాను సర్దుకోవడానికి ఒక్క పూట గడువిచ్చారు. కిరాణి మా గుమ్మంలోకి వచ్చి, "సోల్జర్లు అన్నీ ఇసిరీస్తారు. పెట్టీ, ప్లేట్లూ నా ఇంట్లో ఎట్టు, తరవాత ఇస్తాను" అన్నాడు. మనవాడే కదా అని నాన్న నమ్మాడు. నెల తర్వాత వెళ్లి అడిగితే, "ఏ పెట్టిరా? నాకిచ్చీసినావు గదా, మల్లీ అడుగుతావేటి?" అన్నాడు. అడవివాళ్లకి అన్నం పెట్టాడని కిరాణి పోలీసులకి ఒక్క మాట చెప్తే నాన్న జైల్లో ఉంటాడు. ఆ రోజులు అలాంటివి. నాన్న నోరు మూసుకుని తిరిగొచ్చేశాడు.

అప్పట్నుంచి ప్రతి సాయంత్రం కిరాణి వరండాలో మా పాటలు మోగేవి. నాన్న మా గుమ్మం మెట్టు మీద అటే తిరిగి కూచునేవాడు. పాటలు ఆగేదాకా పలికేవాడు కాదు. ఆయన్ని అలా చూడలేక నేను పళ్లు నూరుకునేదాన్ని. ఎప్పటికైనా కిరాణి పని పట్టాలని, పంతొమ్మిదో ఏట వాళ్లింట్లోనే పనికి కుదిరాను.

మలయాకి స్వతంత్రం వచ్చిన మెర్డేకా వారంలో కిరాణి కౌలాలంపూర్ నుంచి కరెంటుతో పాడే పెట్టె, రెండు కొత్తరకం వినైల్ ప్లేట్లు కొనుక్కొచ్చాడు. ఆ ప్లేట్లని స్పిరిట్‌తో తుడవమని షాపువాడు చెప్పాడట. మెర్డేకా సంబరానికి ఎస్టేటువాళ్లందర్నీ పాటలకి పిలిచాడు. మధ్యాహ్నం అన్నం తిని, స్పిరిట్ సీసా నా చేతిలో పెట్టి, "పాత ప్లేట్లకి బూజట్టింది. అన్నీ దీంతోనే తుడిసీ. బాగా తుడువు" అని పడుకున్నాడు.

నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. గుడ్డ చిత్తుగా తడిపి పన్నెండూ తుడిచాను. నలుపంతా గుడ్డకెక్కింది. జిగట ఆరకముందే ప్లేట్లని కాగితం కవర్లలో దూర్చి, అరచేత్తో గట్టిగా అదిమాను. అంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా కలగలేదు.

సాయంత్రం నాన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూచున్నాడు. కిరాణి మొదటి ప్లేటు లాగితే కవరు చిరిగి దానికే అతుక్కుని వచ్చింది. రెండోది పెట్టాడు. పాట లేదు, బర్రుమని ఒకటే గోల. జనం నవ్వడం మొదలుపెట్టారు.

"ఏటి సేసినావే?" అని నా మీదికొచ్చాడు.

"మీరు సెప్పినట్టే సేసినాను బాబూ. సీసా మీరే ఇచ్చినారు గదా" అన్నాను, తల వంచుకుని. అందరి ముందూ ఆయన మొహం మాడిపోయింది. ఆ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండుతుంది.

ఇంటికొచ్చేసరికి నాన్న మెట్టు మీద ఉన్నాడు.

"ఆడి పని పట్టినాను నాన్నా" అన్నాను.

"పన్నెండూనా?"

"పన్నెండూ."

నాన్న కిరాణి వరండాకేసి చూశాడు. "ఆడింట్లో ఉంటే ఏటమ్మా? సాయంత్రమైతే ఇక్కడ కూకుని ఇనీవోడిని. మీ యమ్మ పాటలు" అన్నాడు.

మర్నాడు సాయంత్రం కిరాణి ఇంట్లో కొత్త ప్లేటు మోగింది. నాన్న లోపలే కూచుని, తలుపు వెయ్యమన్నాడు.