అర్థం కాకుండానే అన్న ఆయ్

ఇందాక పంటినొప్పికని లవంగనూనె సీసా మూత తీశావు చూడు షారోనూ, ఆ ఘాటు ముక్కుకి తగలగానే రాజోల్లో సుగుణ డాక్టరుగారి గది కళ్ళముందుకొచ్చింది. నా జ్ఞాపకాలు రాసిపెడతానన్నావుగా, పెన్ను తీసుకో, చెప్తాను. ఆవిడ పళ్ళ డాక్టరు. పొట్టి మనిషి, మాట నెమ్మది. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న, అయినా నాకంటే ముందే కన్నుమూసింది. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నాకు పాఠం ఎలా వినాలో నేర్పింది ఆవిడే. పూర్తిగా నేర్చుకున్నానా అంటే, ఏమో, అది వేరే సంగతి.

రిటైరయిన ఏడాది, పళ్ళు తోముకుంటే రక్తం వచ్చేది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకున్నాను. తర్వాత కింది ముందుపళ్ళు రెండు కదలడం మొదలుపెట్టాయి. జామకాయ కొరకలేకపోతే పోయింది, చర్చిలో ఆడవాళ్ళ పాటకి మొదటి గొంతు నాది. ముందుపళ్ళు లేకపోతే పాటంతా గాలి! ఆ భయంతోనే ఆటో ఎక్కాను. డాక్టరుగారు ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి చూపించింది.

"చూడండి టీచరుగారూ, పళ్ళని పట్టుకునే ఎముక ఇక్కడిదాకా ఉండాలండి. ఇంత కిందకి దిగిపోయింది."

"పురుగు తినేసిందాండీ?"

"పురుగు కాదండి. చిగురు కింద పాచి పేరుకుంది, దాంట్లో సూక్ష్మజీవులున్నాయి. వాటిమీదకి మీ ఒంట్లో కాపలావాళ్ళు వచ్చేరు. పాచి పోదు, వీళ్ళు వెళ్ళరు. ఆ గొడవలోనే ఎముక కరిగిపోతోందండి."

"అంటే నా వాళ్ళే నా ఎముక కరిగిస్తున్నారా?"

"చాలామటుకు అంతేనండి. అర్థమైందా?"

"ఆయ్," అన్నాను. నిజానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మా వైపు డాక్టరు ఏం చెప్పినా ఆయ్ అనడం మర్యాద. పైగా టీచరునాయె, తెలీదని ఎలా అంటాను? ఒక పక్క పాచి తీసి, చిగురు వెంబడి నెమ్మదిగా బ్రష్ చేసుకోమని, రెండో పక్కకి వచ్చేవారం రమ్మంది. దానికీ ఆయ్.

ఇంటికొచ్చే దారిలో నాకు నేనే లెక్క తేల్చేసుకున్నాను. కరిగిస్తున్నది నావాళ్ళే అయితే, వాళ్ళ బలం తగ్గిస్తే సరి. అవి ఈస్టరు ముందు ఉపవాస దినాలు. గుడ్డు, పాలు, చేప, పండు అన్నీ మానేసి రోజుకి ఒక్కపూట గంజి తాగాను. బ్రష్ తగిలితే కాపలావాళ్ళు రేగుతారని ఆ పళ్ళ జోలికే వెళ్ళలేదు. ఆవిడ రమ్మన్న వారమూ వెళ్ళలేదు. చర్చిలో అందరూ "టీచరుగారి భక్తి చూడండి" అంటుంటే తల దించుకున్నాను గానీ, భక్తి కాదు, కాపలావాళ్ళని మాడుస్తున్నానని చెప్పలేదు. ఈస్టరు ఉదయం పాట మధ్యలో ఒక పన్ను నాలుకకి తగిలి వేలాడింది.

మర్నాడు డాక్టరుగారు దాన్ని తీసేసింది. దూది ఒత్తిపెట్టి, "ఇంత నీరసంగా ఉన్నారేంటండి?" అంది. చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"వాళ్ళు మాడలేదు టీచరుగారూ, మీరు మాడేరు. వాళ్ళే లేకపోతే ఆ సూక్ష్మజీవులు ఎక్కడిదాకా పాకుతాయో! తియ్యాల్సింది పాచినండి. గొడవకి కారణం పోతే వాళ్ళే చల్లబడతారు."

"ఇంతకీ వాళ్ళు మంచివాళ్ళా, చెడ్డవాళ్ళా?"

"వరదప్పుడు ఏటిగట్టు మీద బస్తాలు వేస్తారు కదండీ. కంగారులో ఆ గట్టు మట్టే తవ్వి బస్తాల్లో నింపితే?"

"గట్టు పోద్ది. ఆపాటి తెలివి లేదాండీ వాళ్ళకి?"

"కొందరి ఒంట్లో అంతలా ఎందుకు రేగుద్దో, కొందరికి ఎందుకు రేగదో మాకే పూర్తిగా తెలీదండి. కానీ ఆ రోజు అర్థం కాలేదని ఒక్క మాట అనుంటే ఇంకోసారి చెప్పేదాన్ని కదా! ఇకమీదట నా దగ్గర ఆయ్ చెల్లదు. నేను చెప్పింది మీరు తిరిగి చెప్పాలి."

అప్పట్నించి పాచి తీయించుకోడానికి వెళ్ళినప్పుడల్లా చిన్న క్లాసు పిల్లలా అప్పజెప్పేదాన్ని. సగం తప్పులే. ఆవిడ విసుక్కోకుండా మళ్ళీ చెప్పేది. నా క్లాసులో పిల్లలందరూ ఒక్క గొంతుతో "అర్థమైంది టీచర్" అనగానే పేజీ తిప్పేసిన రోజులు గుర్తొచ్చేవి. వాళ్ళలో ఎంతమంది నాలాగే అర్థం కాక గంజి తాగారో! కరిగిన ఎముక మాత్రం తిరిగి రాలేదు. రెండో పన్ను కొంచెం కదులుతూనే ఉంది, కానీ ఉంది. పాట సాగుతోంది.

ఇప్పుడు చర్చిలో ఎవరైనా చిగుళ్ళ రక్తం సంగతి ఎత్తితే నేనే చెప్పడం మొదలుపెడతాను. కాపలావాళ్ళు, గట్టు, మట్టి అంటూ సగందాకా బాగానే వెళ్తాను. మనల్ని కాచేది మనల్నే ఎలా తవ్వుద్దో అన్నచోట నాకే చిక్కుపడిపోతుంది. "ఇక్కణ్ణించి నాకు తెలీదమ్మా, పద, నేనూ వస్తాను" అని ఆటో ఎక్కిస్తాను. ఇప్పుడున్న కుర్ర డాక్టరు చెప్తుంటే పక్కనే కూర్చుంటాను. నాతో వచ్చినావిడ ఆయ్ అనగానే మోచేత్తో పొడిచి అంటాను, "ఏం అర్థమైందో చెప్పు, నేనూ వింటాను."