ఎడమ కాలు లేదనుకో

పదిహేడేళ్ళు స్కూటీ మీద బడికి వెళ్ళినదాన్ని. వాకాడులో మా ఇంటి నుంచి సముద్రపు ఒడ్డున నేను పాఠాలు చెప్పే పల్లెకు ముప్పావు గంట ప్రయాణం. సరుగుడు తోటల దగ్గర గాలికి ఇసుక వచ్చి రోడ్డు మీద పడుతుంది. ఇసుకలో బండి జారకుండా ఉండాలంటే ఎడమ చేత్తో బ్రేకు కొద్దిగా పట్టి ఉంచి, కుడి చేత్తో ఆక్సిలేటరు తిప్పాలి. రెండూ ఒకేసారి. అలా నడిపి ఇసుకలో ఒక్కసారీ పడలేదు. పడ్డది మా వీధి మలుపులో, వాన బురదలో. నడుము పట్టేసింది. ఇక రెండు చక్రాల బండి ఎక్కవద్దని డాక్టరు చెప్పాడు.

అందుకని ఒక పాత ఆటోమాటిక్ కారు కొన్నాం. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు, కాళ్ళ దగ్గర ఉండేవి రెండే, బ్రేకూ ఆక్సిలేటరూ. బడి తెరవడానికి మూడు వారాలుంది. ఈలోపు నేను నేర్చుకోకపోతే రోజూ తానే దింపి, తానే తెస్తానన్నాడు మా ఆయన, అదేదో వరమిస్తున్నట్టు. నాకా వరం వద్దు. రోజు మొత్తంలో నన్నెవరూ పిలవని సమయం ఆ దారిలో గడిచేదే. దాన్ని వదులుకోవడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

మా ఆయన వరి పండిస్తాడు. ముప్పై ఏళ్ళుగా ట్రాక్టరు నడుపుతున్నాడు కాబట్టి చక్రాలున్న ప్రతిదానికీ తానే గురువు. మొదటి రోజే పక్క సీట్లో సర్దుకుని కూర్చుని పాఠం మొదలుపెట్టాడు.

“ఎడం కాలు నీకు లేదనుకో. అంతే. రెండిటికీ కుడికాలు ఒక్కటే.”

ఉన్న కాలిని లేదనుకోవడం అంత తేలికా? కుడి కాలు ఆక్సిలేటరు మీద పడగానే ఎడమ కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళేది. చేతుల అలవాటు కాళ్ళకు పాకిందనుకున్నాను. బండి మూలిగేది, వణికేది, కదిలేది కాదు. కదిలితే కాలిన వాసన. వారం తర్వాత బండిలో ఏదో లోపముందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. అతను నన్ను నడపమని, నా కాళ్ళవైపు చూశాడు.

“బండి బాగానే ఉండాది మేడం. మీరే ఒక కాలితో పొమ్మంటా, ఇంకో కాలితో ఆగమంటా ఉండారు. అదేం చేస్తాది?”

మా ఆయన పగలబడి నవ్వాడు. ఇంటికొచ్చి మా తోటికోడలికి చెప్పి నవ్వాడు. ఫోనులో తమ్ముడికి చెప్పి మళ్ళీ నవ్వాడు.

నేర్పేటప్పుడు మాత్రం నవ్వు ఉండదు. ఎక్కడో రొయ్యల గుంటల అవతల గేదె కనబడితే చాలు, పళ్ళ సందున గాలి పీలుస్తాడు. “ఆపు. ఆపమంటే అంత గట్టిగా తొక్కేదా? పోనీ. పోనీమంటే ఏందే, మళ్ళా ఆపేస్తివి?” ఒక చెయ్యి ఎప్పుడూ హ్యాండు బ్రేకు మీదే. నోరు తెరిస్తే పోట్లాట అవుతుందని కోపం దిగమింగుకుని నడిపాను.

పదిహేనో రోజు ఆయన తన తువ్వాలు తీసి నా ఎడమ కాలిని సీటు కింద కమ్మీకి కట్టాడు. నేనూ కట్టనిచ్చాను. విసుగు అంతవరకూ వచ్చింది. అలాగే పల్లె దగ్గరికి వచ్చి ఆపాం. రోడ్డు పక్కన చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు కారు చుట్టూ చేరారు. వాళ్ళలో ఒకామె కూతురు నా దగ్గర నాలుగో తరగతి. ఆమే అడిగింది.

“ఏం టీచరమ్మా, కాలికి కట్టు కట్టుండారు? దెబ్బ తగిలిందా?”

నేను నోరు తెరిచేలోపు ఆయనే జవాబు చెప్పాడు. “దెబ్బా లేదు, ఏం లేదు. చెప్తే వినదు, అందుకే కట్టినా.”

వాళ్ళు నవ్వారు. నా ఒళ్ళు మండిపోయింది. వంగి ముడి విప్పి తువ్వాలు ఆయన ఒళ్ళో పడేశాను.

“దిగండి,” అన్నాను.

ఇక తానే నడపాలి కాబోలనుకుని సంతోషంగా దిగాడు. ముందునుంచి చుట్టూ తిరిగి రాబోతున్నవాడల్లా మళ్ళీ పక్కకు తప్పుకోవలసి వచ్చింది, ఎందుకంటే నేను బండి పోనిచ్చాను.

బడి దాకా రెండు కిలోమీటర్లు. బండి మూలగలేదు. మధ్యలో ఇసుక వచ్చింది, మెల్లగా దాటేశాను. మూసి ఉన్న బడి గేటు ముందు ఆపి కిందికి చూసుకున్నాను. ఎడమ కాలు మ్యాటు మీద హాయిగా పడి ఉంది, ఎవరూ కట్టకుండానే. సంతోషంతో కళ్ళు తడిశాయి. బండి తిప్పుకుని వెనక్కి వచ్చాను.

ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. పక్క సీట్లోకి ఎక్కి తలుపు వేసుకున్నాడు. బెల్టు ఇంకా పెట్టుకోలేదు. పళ్ళ సందున గాలి పీల్చలేదు, ఆపమనలేదు. నా ఎడమ కాలు అప్పటికే బ్రేకు మీదుంది. దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఇన్నాళ్ళూ పాపం స్కూటీని తిట్టుకున్నాను.

“పోనీ. ఏంది ఆలోచన?” అన్నాడు.

“మీరు వెనక సీట్లో కూర్చోండి.”

“ఎందుకు?”

కూర్చోమన్నానంతే. గొణుక్కుంటూ వెళ్ళి కూర్చున్నాడు. అప్పుడూ కాలు బ్రేకు మీంచి రాలేదు. ఇల్లు చేరేదాకా కారు మూలుగుతూనే ఉంది, ఆయన సలహాలు చెబుతూనే ఉన్నాడు.

బడి తెరిచిన రోజు ఒక్కదాన్నే బయలుదేరాను. ఆయన గేటు దగ్గర నిలబడి, “ఎడం కాలు జాగర్త,” అన్నాడు. సరేనన్నాను. వీధి మలుపులో ఆయన కనుమరుగయ్యేదాకా అది బ్రేకు మీదే ఉంది.