ఆదివారం భోజనాల మినిట్స్

కోవిడ్‌కు ముందు ఏడాది, మార్చిలో, అమెరికాలో క్యారీ అనే ఊరి దగ్గర ఉన్న ఒక చార్టర్ స్కూల్ రెన్యూవల్ ఫైలు నాకు అప్పగించారు. చార్టర్ స్కూల్ అంటే ప్రభుత్వ నిధులతో, ఫీజు లేకుండా, సొంత బోర్డు నడుపుకునే బడి. గడువు ముగిసేముందు రికార్డులన్నీ చూసి, పొడిగించాలా వద్దా అని సిఫార్సు చేయడం రాష్ట్ర పర్యవేక్షణ విభాగంలో నా ఉద్యోగం.

బోర్డులో ఏడుగురిలో ఐదుగురు మన తెలుగువాళ్లే. చైర్మన్ సుధాకర్‌ది సాఫ్ట్‌వేర్. కార్యదర్శి లలిత మందుల కంపెనీలో క్వాలిటీ ఆడిటర్. రాయనిది జరగనట్టే అన్నది ఆ వృత్తిలో మొదటి పాఠం. ఆవిడ దాన్ని బడికీ తెచ్చారు. "ఆదివారం సుధాకర్ గారింట్లో, పులిహోర, గుత్తివంకాయ భోజనాల తర్వాత, ఐదుగురు సభ్యుల సమక్షంలో, వచ్చే ఏడాది నుంచి బస్సు ఆపాలని ఏకగ్రీవ తీర్మానం" అని ఆవిడ రాసిన మినిట్స్‌లో, అంటే బోర్డు నిర్ణయాల రికార్డులో, ఉంది.

చట్టప్రకారం బోర్డులో సగానికి మించి కలిసి బడి పని మాట్లాడుకుంటే అది సమావేశమే. ముందుగా నోటీసు వేయాలి, ఎవరైనా రావచ్చు. తన గొయ్యి తానే తవ్వుకుని కొలతలు కూడా రాసిపెట్టిన బోర్డును నేను మళ్లీ చూడలేదు. నవ్వొచ్చింది, వాళ్ల మీద ముద్దూ వచ్చింది. కానీ తప్పు తప్పే.

బడికి వెళ్లి అడిగితే సుధాకర్ తెల్లబోయాడు. "సీక్రెట్ ఏముంది మేడమ్? ఎలాగూ సండే కలుస్తాం. బస్సులో పట్టుమని పదిమంది లేరు. అందరం కార్‌లో డ్రాప్ చేస్తాం కదా!" లలిత టీ తెచ్చారు. తనిఖీకి వెళ్లినచోట మంచినీళ్లు తప్ప ముట్టకూడదు. "టీకి కూడా రూలేనా అండీ?" అని ఆవిడ నొచ్చుకున్నారు.

పొడిగింపు మీద జరిగిన బహిరంగ విచారణలో మాట్లాడటానికి మనిషికి రెండు నిమిషాలు. తల్లిదండ్రులకు బడిని ఎంచుకునే హక్కని కొందరు, జనం పన్నులతో చాటుమాటు నిర్ణయాలని మరికొందరు. రాష్ట్రమంతా అదే వాదన, నాకు కంఠతా వచ్చేసింది. చివర్లో డోరతీ అనే పెద్దావిడ లేచింది. మనవరాలు ఆ బడిలో నాలుగో తరగతి. ఇంట్లో కారు లేదు, బస్సు పోతే పాపకు ఆ బడి పోయినట్టే. ఆవిడ టీచర్లను మెచ్చుకుని, బోర్డు వైపు తిరిగి, ఆ ఆదివారం తాను ఇంట్లోనే ఉన్నానని, పిలిచి ఉంటే ఏదో ఒకటి వండుకుని వచ్చేదాన్నని చెప్పి కూర్చుంది. ఇంకా నిమిషం మిగిలే ఉంది. అంతవరకూ నోట్సు రాసుకుంటున్న లలిత పెన్ను కింద పెట్టేశారు.

తక్కువ కాలానికి, షరతులతో పొడిగించమని రాశాను. బస్సు తీర్మానం రద్దు చేసి, నోటీసు వేసి, అందరి ముందూ మళ్లీ ఓటు వేయాలన్నది మొదటి షరతు. ఆ ఓటు స్కూల్ లైబ్రరీలో వేశారు. బస్సు ఉండాలని ముందుగా చెయ్యెత్తింది లలితే. డోరతీ బంగాళదుంపల సలాడ్ తెచ్చింది, మనవాళ్లు పులిహోర తెచ్చారు. నేను మంచినీళ్లే తాగాను.

పర్యవేక్షణ అంటే దొంగల్ని పట్టడమనే రెండు పక్షాలవాళ్లూ అనుకుంటారు. నాకు ఎక్కువగా ఎదురైంది మంచివాళ్లే, ఒకరికొకరు బాగా తెలిసినవాళ్లే. ఆ తర్వాత ఏ ఫైలు తెరిచినా తీర్మానం ముందు చదవలేదు. హాజరైనవాళ్ల పేర్లు చూసి, తర్వాత తీర్మానం చదివి, అది ఎవరికి తగులుతుందో వాళ్లు ఆ గదిలో ఉన్నారా అని చూశాకే పేజీ తిప్పేదాన్ని.