కాలువ లేదన్న చోట

మొన్న తుక్కుగూడ దగ్గర బస్సు ఆగినప్పుడు ఒక కొత్త బోర్డు చూశాను. 'కాలువ ఒడ్డున కలల ఇల్లు' అని రాసి, కింద నీలి నీళ్ళలో తెల్లటి పడవ, అందులో నవ్వుతున్న దంపతులు. పక్క సీటాయన ఏమనుకున్నాడో గానీ, నేను పైకే తిట్టాను. ఆ కాలువలో నిజంగా పడవెక్కి వెళ్ళినవాణ్ణి నేను.

మా మేనత్త ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో చేపలు పట్టి బతికిన మనిషి, వయసులో నాకంటే ఐదారేళ్ళే పెద్ద. కొన్నేళ్ళ కిందట వానలు దంచికొట్టాయి. పైన కాలువ పొంగుతోందని అందరూ చెబుతున్నారు, చెరువులోకి మాత్రం నీళ్ళు రావడం లేదు. వేసిన చేపపిల్లలు అడుగున మిగిలిన మడుగులో మగ్గుతున్నాయి. చెరువుకు నీళ్ళు తెచ్చే ఆ కాలువ నిజాం కాలంలో తవ్విన ఫిరంగి నాలా. గట్టు వెంట నడుద్దామంటే తుమ్మలు, కంచెలు. "నువ్వు సదువుకున్నోనివి, జర తోడు రా బిడ్డా. నీళ్ళను ఎవడు పట్టిండో చూసొద్దం" అని అత్త నన్ను పుట్టిలో కూర్చోబెట్టింది. వెదురుతో అల్లిన ఆ గుండ్రటి పడవ, బడిపంతులుగా రిటైరైన నా బరువుకు ఒక పక్కకు ఒరిగింది. "కదలకు, చేపలు నవ్వుతయ్" అంది. ఆమె గెడ వేస్తుంటే నాచు వాసన, ప్లాస్టిక్ సంచులు, ఒకచోట ఎవరో పారేసిన సోఫా. నిలిచిన వాన నీళ్ళే తప్ప పారకం లేదు.

గంటసేపటికి కాలువకు అడ్డంగా ఇటుక గోడ వచ్చింది. అవతల నీళ్ళు పక్క పొలాల్లోకి మళ్ళుతున్న హోరు. గోడ మీంచి, అక్కడ ప్లాట్లు వేస్తున్న కంపెనీ సూపర్‌వైజర్ తొంగి చూశాడు.

"ఈడ కాలువ లేదమ్మా. మా ప్లాట్ల నక్షల ఈడ రోడ్డున్నది."

"కాలువ లేకుంటే మేం దేంట్ల తేలుతున్నంరా? నీ రోడ్డు మీదనా?" అని అత్త అరిచింది.

నేను చేసిన పనీ చెప్పాలి. "పోదాం అత్తా, లొల్లి ఎందుకు, దరఖాస్తు పెడదాం" అన్నాను. ఆమె వాణ్ణి వదిలేసి నా వైపు తిరిగింది. "గిన్నేండ్లు పిల్లలకు సదువు చెప్పినవ్. తప్పును తప్పనేతందుకు గింత భయమా?"

నడుము లోతు నీళ్ళలోకి దిగి గెడతో గోడను పొడవసాగింది. అరుపులు విని, వరి మునిగిన రైతులు గడ్డపారలతో వచ్చారు. సిగ్గుతో నేనూ ఒకటి అందుకున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి, నాకు వచ్చని నాకే తెలియని బూతులు నోటి నుంచి ఊడిపడ్డాయి. మధ్యాహ్నానికి గోడ పగిలింది. పుట్టి బొంగరంలా తిరుగుతూ కొట్టుకుపోయింది. మేము గట్టున తుమ్మకొమ్మలు పట్టుకొని బయటపడ్డాం. వారం తిరిగేసరికి చెరువు నిండింది.

గోడ పగలగొట్టినందుకు మమ్మల్ని ఠాణాకు పిలిచారు. కట్టినవాణ్ణి ఎవరూ పిలవలేదు. మరుసటి ఎండాకాలం అదే చోట గోడ మళ్ళీ లేచింది, నీళ్ళు పోవడానికని పేరుకు కింద రెండు పైపులతో. కాలువే లేదన్నవాళ్ళు ఇప్పుడు దాని ఒడ్డున కలల ఇళ్ళు అమ్ముతున్నారు. అత్త ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి మంచం దిగడం లేదు. నేను చూడ్డానికి వెళ్తే "గోడ ఉన్నదా?" అని అడుగుతుంది. "అవ్" అంటే ముఖం తిప్పుకుంటుంది.

వయసు పైబడితే కోపం చల్లారుతుందంటారు. నేను అరవై దాటాక కోపం నేర్చుకున్నాను. ఇక దాన్ని చల్లార్చుకునేంత కాలం నా దగ్గర లేదు.