అక్షరం నెత్తిమీద రెండు గీతలు

ఓస్టర్‌వాల్ అనే డచ్చి ఊళ్ళో హిల్కె తమింగా ఒకసారి సాక్షాత్తూ మృత్యువుని గుమ్మంలో నిలబెట్టి, "నీ కాగితంలో అక్షరం మీద గీతలు ఎక్కువున్నాయి, దిద్దుకుని రా" అని వెనక్కి పంపేసింది. మృత్యువు కిక్కురుమనకుండా టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది. ఇది కళ్ళారా చూశానని సీట్సే చెప్తాడు. సీట్సే అంటే రెండో ఏడాదిలోనే పాలిటెక్నిక్కుకి దండం పెట్టేసి, హిల్కె ఆఫీసులో మూడు చక్రాల టపా బండి తోలుతున్నవాడు. అతని మాటల్లో సగం తీసేస్తే, మిగిలినదాంట్లో సగం నిజం. హిల్కె విషయంలో మాత్రం ఏ సగం తీసెయ్యాలో ఊళ్ళో ఎవరికీ తెలీదు.

ఆవిడ జబ్బల్లా ఒకటే. రాత కనిపిస్తే దిద్దాలి. చేపల కొట్టు బోర్డు దిద్దింది. చర్చిలో పంచిన కరపత్రం దిద్ది పాదిరిగారికే తిరిగిచ్చింది. కన్నతండ్రి సమాధి రాయిని చెక్కినవాడికి వాపసు పంపింది.

"మూడుసార్లు పంపారటగా?" అన్నాడు సీట్సే.

"ఒక్కసారే. రెండోసారి నేనే ఉలి పట్టుకెళ్ళాను."

వాళ్ళది సంరక్షణ నిధి ఆఫీసు. నయంకాని బాధలో ఉన్న మనిషి ఇక చాలు, వెళ్ళిపోతానని కోరుకుంటే, అతని డాక్టరు ఒప్పుకున్నంతమాత్రాన కుదరదు. ముక్కూ మొహం తెలియని రెండో డాక్టరు ఇంటికొచ్చి, కూచుని మాట్లాడి, ఈ కోరిక అతనిదేనా, ఎవరైనా నెడుతున్నారా అని తేల్చుకోవాలి. ఆ మాట్లాడినందుకు ఫీజు ప్రభుత్వమిచ్చిన నిధిలోంచి చెల్లించాలి. ఎన్నిసార్లకి? ఒక్కసారికే. ఆఫీసు పుట్టినప్పట్నించీ అందరికీ తెలిసిన సంగతే అది.

హిల్కెకి తప్ప. డచ్చి భాషలో ‘ఒక’ అన్నా ‘ఒక్క’ అన్నా అక్షరాలు అవే. నెత్తిమీద రెండు గీతలుంటే ‘ఒక్క’, ఇక రెండోది లేదని. గీతల్లేకపోతే ఉత్త ‘ఒక’, ఇంకోటి ఉండకూడదని లేదు. మన వత్తు కాళ్ళకింద ఉంటుంది, వాళ్ళది నెత్తికెక్కింది, అంతే తేడా. డాక్టర్లు ఫారంలో గీతలు పెట్టి ‘ఒక్క సంభాషణ’ అని రాసి పంపేవారు. హిల్కె ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి తిప్పికొట్టేది: "గీతలు తీసి పంపండి. నిబంధనలో గీతల్లేవు." ఇలా ఎనిమిదేళ్ళు. ఆ గీతల కోసం సీట్సే తోలిన దూరం కలిపితే చంద్రుడి దాకా వెళ్ళి టీ తాగి రావచ్చని అతని లెక్క.

ఆ చలికాలం సీట్సే మేనమామ బెరెండ్‌కి గొంతులో పుట్టిన జబ్బు ముదిరిపోయింది. నలభయ్యేళ్ళు కాలువల్లో సరుకు పడవ నడిపిన మనిషి. గొంతు పోయింది. పలకమీద సుద్దతో రాసి, చెరిపి, మళ్ళీ రాసి మాట్లాడేవాడు. వెళ్ళిపోతానని అడిగాడు. రెండో డాక్టరుగా ఫెన్నా అనే ఆవిడ వచ్చి మధ్యాహ్నమంతా కూచుంది. బెరెండ్ పడవ కొన్న రోజు నుంచి మొదలుపెట్టి భార్య పోయిన ఏడాది దాకా వచ్చేసరికి వేళ్ళలోంచి సుద్ద జారిపోయింది.

"సగం విని సంతకం పెట్టలేను," అంది ఫెన్నా. "మళ్ళీ వస్తాను. ఫీజు వద్దులెండి."

బెరెండ్ ఓపిక కూడదీసుకుని పెద్దక్షరాలతో రాశాడు: ధర్మం వద్దు. మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

సీట్సే జీవితంలో మొదటిసారి కోతలు కొయ్యకుండా హిల్కె బల్ల ముందు నిలబడ్డాడు. "మా మామయ్య మాట సగంలో ఆగిపోయిందండీ."

"ఆ డాక్టర్ని రెండో ఫారం పంపమను."

"రెండోదానికి ఇవ్వరుగా."

"ఎవరైనా పంపి చూశారా?"

ఎవరూ పంపలేదు. ఫెన్నా పంపింది. డైరెక్టర్ లామ్మెర్ట్ ఆ ఫారాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"నిబంధన ప్రకారం ఒక్కసారే గదమ్మా, హిల్కె."

"గీతల్లేవు."

"అచ్చుతప్పయ్యుంటుంది."

హిల్కె బయటికి వెళ్ళి, సీట్సే టపా బండి నిండా ఎనిమిదేళ్ళ ఫారాలు పేర్చుకుని తోసుకొచ్చింది. ప్రతిదాంట్లోనూ గీతల్లేని ‘ఒక’. ప్రతిదాని కిందా లామ్మెర్ట్ సంతకం.

"ఇన్నీ అచ్చుతప్పులేనాండీ?"

లామ్మెర్ట్ కాఫీ చల్లారిపోయింది. ఆయన సంతకం పెట్టాడు. వెనకాలే వచ్చిన సీట్సే బండిలోని కట్టలకేసి చూశాడు. ఊరంతా చాదస్తం అని నవ్విన ఆ ఎర్ర పెన్సిలు ఇన్నేళ్ళూ ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ వచ్చిందన్నమాట.

"ముందే తెలుసా మీకు?"

"చేరిన నెలలో, అప్పటికే పోయిన ఒకావిడ కాగితం వచ్చింది. ‘ఇంకా ఏదో చెప్పాలనుకుంది, వీలుపడలేదు’ అని డాక్టరు రాశాడు. వాక్యం చివర చుక్క లేదు. దిద్దించుకు రమ్మని ఎవరికి పంపను?" పెన్సిలు చెక్కుకుంటూ అంది. "అప్పుడే అడిగితే గీతలు పెట్టేసి ఊరుకునేవాళ్ళు. సంతకాలు పోగుపడనిచ్చాను. రెండోసారి వెళ్తానని రాసే డాక్టరు కోసం చూశాను."

బెరెండ్ చెప్పాల్సిందంతా చెప్పాడు. కోరిక తనదేనని ఫెన్నాకి నమ్మకం కుదిరింది. కాలువల్లో మంచు కరిగిన వారం, తన పడవలోనే, సీట్సే తల్లి చెయ్యి పట్టుకుని, తను అనుకున్న రోజునే వెళ్ళిపోయాడు. పక్కన పలక శుభ్రంగా తుడిచి ఉంది.

ఆ తర్వాత సోమవారం కాంటీనులో, జున్ను పెట్టిన రొట్టె ఒక చేత్తో, మజ్జిగ గ్లాసు ఇంకో చేత్తో, సీట్సే మళ్ళీ సీట్సే అయ్యాడు. మా హిల్కె గారు కనుబొమ్మ ఎత్తితే మంత్రులు లేచి నిలబడతారన్నాడు. రెండు గీతలు పీకి ప్రభుత్వాన్నే కిందపడేసిందన్నాడు. మామయ్యకి ఒకటి కాదు, రెండు కాదు, ఏకంగా ఐదు సంభాషణలు ఇప్పించిందన్నాడు.

పక్క బల్ల దగ్గర రొట్టెకి వెన్న రాసుకుంటున్న హిల్కె తలెత్తలేదు.

"ఆరు. ఆరోసారి ఇద్దరూ కిటికీలోంచి కాలువ చూస్తూ కూచున్నారని డాక్టరు రాసింది. నోరు మూసుకుని కూచుంటే సంభాషణ కాదని నిబంధనలో ఎక్కడా లేదు."