చెయ్యెత్తే మర్యాద

మా వైపు జనానికి కాదని చెప్పడం చేతకాదు. ఆకలితో పేగులు మాడుతున్నా భోంచేశారా అని అడిగితే "ఇప్పుడేనండీ" అంటారు. దారి తెలియకపోయినా అడిగినవాణ్ణి ఉత్త చేతుల్తో పంపరు, ఏదో ఒక సందు చూపిస్తారు. ఇలాంటి జనానికి వినికిడి పరీక్ష పెట్టి నిజం రాబట్టాలని ఏలూరులో ఒక కాలేజీవాళ్ళకి బుద్ధి పుట్టింది.

రైస్ మిల్లుల్లో, చేపల చెరువుల దగ్గర, నిత్యం మోతలో పనిచేసేవాళ్ళ చెవులు ఏమయ్యాయో తేల్చే పరిశోధన అది. నేను తాడేపల్లిగూడెంలో ఒక మిల్లులో ఇరవై రెండేళ్ళు మిషన్ ఆపరేటర్‌గా చేశాను. ఆ మిల్లు మూతపడి ఇంట్లో కూర్చుని ఉంటే, ఓనర్లందరూ తెలిసినవాణ్ణని, గేటు దాటనిస్తారని నన్ను పరీక్షలు చెయ్యడానికి పెట్టుకున్నారు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. అంత మోతలో అన్నేళ్ళున్న మనిషివి, నీ చెవులెలా ఉన్నాయని ఒక్కరూ అడగలేదు. అడిగినా బ్రహ్మాండమనే చెప్పేవాణ్ణి.

టీవీ గొంతు పెంచుతున్నానని మా ఆవిడ ఏడాదిగా సణుగుతోంది. ఆ సణుగుడు కూడా నాకు సగమే వినపడేది, అదో సుఖం. పైకి ఇలా అంటాను గానీ లోపల భయంగా ఉండేది. చెవులు పరీక్షించేవాడికే చెవుడని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, ఊరు నవ్వుతుంది. యాభై మూడేళ్ళవాణ్ణి మళ్ళీ ఎవడు పిలుస్తాడు?

మాకు పని నేర్పింది ఒక మేడమ్‌గారు. మా అమ్మాయి కంటే రెండేళ్ళు పెద్దదేమో. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక గొట్టం ఉంటుందని, అందులో సన్నటి వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలుంటాయని, పెద్ద మోతకి అవి చచ్చిపోతాయని బొమ్మలు గీసి చెప్పింది.

"చస్తే మళ్ళీ మొలవవాండీ?" అని అడిగాను.

"మనుషులకి మొలవవండీ. కోళ్ళకి, చేపలకి మళ్ళీ వస్తాయి."

మా జిల్లాలో ఎటు చూసినా కోళ్ళఫారాలు, చేపల చెరువులే. అంటే చెవులు బాగుచేసుకునే యోగం ఉన్నవాటిని ఐస్ పెట్టెల్లో సర్ది లారీలెక్కిస్తున్నాం, ఆ యోగం లేనివాళ్ళం పక్కన నిలబడి మోత వింటున్నాం. దేవుడికి మా మీద ఏం కోపమో.

పరీక్ష చాలా తేలిక. మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, నేను కూతలు పుట్టించే పెట్టె మీద మీట నొక్కుతాను. చెవిలో కూత వినపడితే చెయ్యెత్తాలి. మావాళ్ళు మాత్రం నా వేలి వంక చూసి ఎత్తేవాళ్ళు. వేలు కనపడకపోతే నా మొహం చూసి ఎత్తేవాళ్ళు. ఒక మిల్లులో బస్తాలు మోసే పెద్దమనిషి, నేను మీట ముట్టుకోకుండా కళ్ళజోడు తుడుచుకుంటుంటే రెండుసార్లు ఎత్తాడు. ఇదేమిటండీ అంటే, "ఎండలో అంత దూరం నుంచి వచ్చారు. ఎత్తకపోతే ఏం బాగుంటుందండీ?" అన్నాడు. నేను నవ్వుకుని బాగానే వినపడుతోందని రాసుకున్నాను.

రోజూ పని మొదలుపెట్టే ముందు హెడ్‌ఫోన్లు నేను పెట్టుకుని, రెండువైపులా అన్ని కూతలూ వస్తున్నాయో లేదో విని కాగితం మీద టిక్కు పెట్టాలి. మొదటి రోజే సన్నటి కూతలు నాకు ఏ చెవిలోనూ వినపడలేదు. పెట్టె కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకుని టిక్కు పెట్టాను. రెండో రోజూ అంతే. మూడో రోజు నుంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోవడమే మానేసి, టీ తాగుతూ టిక్కులు పెట్టేవాణ్ణి. వినకపోతే వినపడలేదన్న బాధ ఉండదు కదా.

ఒక వారం నాలుగు మిల్లులు తిరిగి, ఆఖరి రోజు కొల్లేరు లంకల్లో ఒక ఊరి బడికి వెళ్ళాను. చేపలకి ఐస్ కొట్టే మిషను పక్కన పదిహేనేళ్ళు పనిచేసిన ఒకావిడ వచ్చి కూర్చుంది. ఎడమ చెవికి చక్కగా చెయ్యెత్తింది. కుడి చెవికి ఎత్తలేదు.

"ఈ పక్క ఏమీ రావట్లేదు బాబూ."

"సరిగ్గా వినండి పిన్నిగారూ."

"వింటానే ఉన్నాను. వస్తే కదా."

శబ్దం ఎంతవరకు పెరిగితే అంతవరకు పెంచాను. ఆవిడ చెయ్యి ఒళ్ళోనే ఉంది. "రోజూ ఫోను ఈ చెవికే పెట్టుకుని మాట్లాడతాను బాబూ, బాగానే వినపడుద్ది" అంది. వయసు మీద పడ్డాక ఇలాంటివి మామూలేనని ఓదార్చి, కుడి చెవి పూర్తిగా పోయిందని రాశాను. ఆవిడ ఆ చెవిని తడుముకుంటూ వెళ్ళింది.

రెండు రోజుల తర్వాత మేడమ్‌గారు కాగితాలు చూస్తూ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. కుడివైపు లోపల తీగ తెగిపోయి ఉంది. ఆ వారం మొదలుకాక ముందే తెగి ఉండాలి. అయినా ఆ నాలుగు మిల్లుల్లో ఆ చచ్చిన కుడివైపు నుంచి అందరికీ వినపడింది. ఒక్కరూ కాదనలేదు. కాదన్న ఒక్క మనిషినీ నేను చెవిటిదాన్ని చేశాను.

"రోజూ పొద్దున్న విన్నారా అండీ?" అంది, టిక్కుల కాగితం నా ముందు పెట్టి.

"విన్నానండీ" అన్నాను. నేనూ ఈ జిల్లావాణ్ణే కదా.

ఆవిడ తీగ బాగుచేయించి, మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరు వెళ్ళింది. పిన్నిగారిని మళ్ళీ కూర్చోబెట్టి తనే పరీక్ష చేసింది. కుడి చెవి, ఎడమ చెవి ఒకేలా ఉన్నాయి. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి మేడమ్ చేతికిచ్చి, నా వంక చూడకుండా చెప్పింది. "ఆ బాబు చెవులు కూడా ఓసారి చూడండమ్మా. ఆ వేళ నేనెంత చెప్పినా ఆయనకి వినపడలేదు."

పిన్నిగారు వెళ్ళాక మేడమ్ కుర్చీని గోడవైపు తిప్పింది. "కూర్చోండి" అంది. ఆ గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది.

"బొంగురు శబ్దాలు వద్దులెండి. సన్నవి మాత్రం విందాం" అని హెడ్‌ఫోన్లు పెట్టింది. వేలు కనపడదు, మొహం కనపడదు. ఎదురుగా ఎక్కాల చార్టు. కొన్ని వందలమందికి ఈ మీట నొక్కినవాణ్ణి, ఎంతసేపటికోసారి నొక్కుతారో నాకు తెలియదా? మనసులో ఐదు లెక్కపెట్టి చెయ్యెత్తాను. మళ్ళీ ఐదు లెక్కపెట్టి ఎత్తాను. మూడోసారి ఎత్తినప్పుడు ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడి, ఒక వైపు హెడ్‌ఫోను పక్కకి జరిపింది.

"నేనింకా నొక్కలేదండీ" అంది మెల్లగా.

సిగ్గుతో చచ్చిపోయాను. మా అమ్మాయి వయసు పిల్ల ముందు ఎత్తిన చెయ్యి దించుకోవడం కూడా తెలియలేదు నాకు. "ఈసారి వినపడితేనే ఎత్తుతానమ్మా" అన్నాను. ఆవిడ తల ఊపి వెనక్కి వెళ్ళింది.

కళ్ళు మూసుకున్నాను. లెక్కపెట్టలేదు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఊపిరి కూడా గట్టిగా పీల్చకుండా కూర్చున్నాను. పాపం, నేను సర్దుకునేదాకా ఆగుతోంది కాబోలు అనుకున్నాను. చాలాసేపు చూశాను. ఇక ఉండబట్టలేక వెనక్కి తిరిగి, "మొదలుపెట్టండి మేడమ్, నేను సిద్ధంగానే ఉన్నాను" అన్నాను.

ఆవిడ పెన్ను మూత పెడుతోంది.

"అయిపోయిందండీ" అంది.